దేవదూతల మీద తుపాకీ పేల్చింది ఎవరు?

ఈ ఎపిసోడ్ మొదలుపెట్టే ముందు ఒక తప్పు ఒప్పుకోవాలి.

మన ఛానల్లో అన్నిటికన్నా ఎక్కువ మంది చూసిన షార్ట్ ఏదో మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఇంగ్లండ్‌లో ఒక పల్లెటూరి చర్చి. దాని పైకప్పు కింద రెక్కలు చాపిన చెక్క దేవదూతలు. ఆ చెక్కలో తుపాకీ గుళ్ళు. "క్రామ్‌వెల్ సైనికులు గుర్రాలతో సహా చర్చిలోకి వచ్చి, దేవదూతల మీద గురి చూసి కాల్చారు" అని గొంతు పెంచి మరీ చెప్పాను. బ్యాక్‌గ్రౌండ్‌లో తుపాకీ సౌండ్ కూడా వేశాను. నిజం చెప్పాలంటే, అప్పటికి నేను ఆ చర్చి చూడలేదు. రెండు మూడు చోట్ల చదివాను, కథ బాగుంది, చెప్పేశాను.

తర్వాత వెళ్ళి చూశాను. చూశాక ఆ షార్ట్ తీసేయాలనిపించింది. కానీ తీసేస్తే మీకు ఏమీ తెలియదు కదా. అందుకే ఈ ఎపిసోడ్.

ఆ ఊరి పేరు ఇంగ్లిష్‌లో రాస్తే బ్లైత్‌బర్గ్ అని చదువుతాం. అక్కడివాళ్ళు మాత్రం 'బ్లైబ్రా' అంటారు. ఇంగ్లండ్ తూర్పు తీరంలో సఫోక్ అనే కౌంటీలో ఉంది. లండన్ లివర్‌పూల్ స్ట్రీట్ స్టేషన్‌లో రైలెక్కి, ఇప్స్‌విచ్‌లో మారి, హేల్స్‌వర్త్ అనే చిన్న స్టేషన్‌లో దిగాను. అక్కడి నుంచి ఇంకో ఐదు మైళ్ళు ఉంటుంది. ఊరు కనబడకముందే చర్చి కనబడుతుంది. చుట్టూ రెల్లుగడ్డి, బురద నేల, బ్లైత్ నది, వాటి పక్కన ఒంటరిగా అంత పెద్ద కట్టడం. అందుకే దీన్ని 'చిత్తడి నేలల కేథడ్రల్' అంటారు. కానీ ఇది కేథడ్రల్ కాదు, పేరిష్ చర్చి. అంటే ఊరి చర్చి అన్నమాట. ఊళ్ళో పుట్టినవాళ్ళకి బాప్తిస్మం, పెళ్ళి, చివరికి సమాధి, అన్నీ అక్కడే.

ఇంత చిన్న ఊరికి ఇంత పెద్ద చర్చి ఎందుకు అని మీకు డౌట్ రావాలి. నాకూ వచ్చింది. ఒకప్పుడు ఇది రేవు ఊరు. సముద్రం నుంచి నది మీదుగా పడవలు ఇక్కడిదాకా వచ్చేవి. వ్యాపారం ఉండేది, సంత ఉండేది, డబ్బుండేది. గోపురం 14వ శతాబ్దానిది. మిగిలిన చర్చిని 15వ శతాబ్దంలో కొత్తగా, ఇంకా పెద్దగా కట్టుకున్నారు. తర్వాత ఓడలు పెద్దవయ్యాయి, నదిలో పూడిక పేరుకుంది, వ్యాపారం పోయింది. ఊరు చిన్నదైపోయింది. చర్చి మాత్రం అదే సైజులో ఉండిపోయింది. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, కథ చివర్లో దీనితో పని ఉంది.

లోపలికి అడుగుపెట్టగానే నేను పైకి కాదు, చుట్టూ చూశాను. ఎందుకంటే వెలుతురు. యూరప్ చర్చి అంటే మనకి రంగురంగుల అద్దాలు, లోపల సగం చీకటి గుర్తొస్తాయి. ఇక్కడ కిటికీలు దాదాపు అన్నీ మామూలు అద్దాలే. తెల్లటి గోడలు, పాత ఇటుక నేల, నిండా వెలుగు. బాగుంది అనుకున్నాను. తర్వాత అర్థమైంది, ఆ వెలుగు వెనక ఒక విధ్వంసం ఉందని.

అదేంటో చెప్తాను. 1643లో ఇంగ్లండ్‌లో రాజుకీ పార్లమెంటుకీ యుద్ధం జరుగుతోంది. చర్చిల్లో బొమ్మలు, శిలువలు, సాధువుల చిత్రాలు ఉండకూడదని పార్లమెంటు చట్టం చేసింది. దాన్ని అమలు చేయడానికి తూర్పు ప్రాంతంలో నియమించిన మనిషి పేరు విలియం డౌసింగ్. ఇతను వట్టి కోపిష్ఠి కాదు, పక్కా లెక్కల మనిషి. ఏ రోజు ఏ చర్చికి వెళ్ళాడు, ఏం పగలగొట్టాడు, ఏం పగలగొట్టమని చెప్పాడు, అన్నీ డైరీలో రాసుకున్నాడు. కేంబ్రిడ్జ్‌షైర్, సఫోక్ కౌంటీలలో 250కి పైగా చర్చిలు తిరిగాడు.

1644 ఏప్రిల్ 9న బ్లైబ్రా వచ్చాడు. ఇక్కడ 20 దేవదూతల్ని కిందికి దించేయమనీ, 200కి పైగా చిత్రాలని 8 రోజుల్లో తీసేయమనీ చెప్పినట్టు రాసుకున్నాడు. 'చిత్రాలు' అంటే ఎక్కువగా కిటికీ అద్దాల మీద ఉన్నవి. కిటికీల పైభాగంలో ఇప్పటికీ కొన్ని రంగు ముక్కలు మిగిలి ఉన్నాయి. అంటే విధ్వంసం జరగలేదని నేను అనడం లేదు. జరిగింది. పశ్చిమం వైపు బాప్తిస్మపు రాతి తొట్టి ఉంది, ఎనిమిది పలకలది. ఒకప్పుడు ఆ పలకల మీద శిల్పాలుండేవి. ఇప్పుడు ఉలితో చెక్కేసిన రాయి మాత్రమే ఉంది. చెయ్యి పెడితే గరుకుగా తగిలింది.

సరే, ఇప్పుడు పైకి చూద్దాం. ఎంత ఎత్తంటే, ఫోన్‌లో జూమ్ చేస్తే తప్ప ముఖాలు కనబడలేదు. దూలాల మధ్యలో దేవదూతలు, రెండు వైపులా చాచిన పెద్ద రెక్కలు. దూలాల మీద ఎరుపు, ఆకుపచ్చ రంగుల అచ్చులు వెలిసిపోయి ఉన్నాయి. ఐదు వందల ఏళ్ళ నాటి అసలు రంగు అది. దాని మీద మళ్ళీ ఎవరూ పెయింట్ వేయలేదు.

డౌసింగ్ దించమన్నాడు కదా, మరి ఇవి ఇంకా ఎందుకున్నాయి? నాకు తోచిన సమాధానం చాలా సింపుల్. అంత ఎత్తుకి నిచ్చెనలు, పరంజా కట్టాలి. దానికి డబ్బెవరు ఇస్తారు? డౌసింగ్ ఇంకో ఊరికి వెళ్ళిపోయాడు. ఊరివాళ్ళు "అలాగే సార్" అని తల ఊపి ఊరుకుని ఉంటారు. పై ఆఫీసర్ వచ్చి ఆర్డర్ వేసి వెళ్ళిపోతే ఏమవుతుందో మనకి తెలియనిది కాదు.

మరి తుపాకీ గుళ్ళు? అవి నిజమే. పైకప్పు బాగుచేసినప్పుడు చెక్కలో సీసపు గుళ్ళు దొరికాయి. చర్చిలో సందర్శకులకి వివరాలు చెప్పే ఒక పెద్దాయన ఉన్నారు, డెబ్బై దాటి ఉంటాయి. నేను ఆయన దగ్గరికి వెళ్ళి, మన షార్ట్‌లో చెప్పిన కథ మొత్తం చాలా కాన్ఫిడెంట్‌గా చెప్పాను. ఆయన ఆపకుండా విన్నారు. చివర్లో నవ్వి, "మీకు జాక్‌డా తెలుసా?" అని అడిగారు.

జాక్‌డా అంటే ఒక రకం చిన్న కాకి. గోపురాల్లో, పొగగొట్టాల్లో పుల్లలు తెచ్చి గూడు కడుతుంది. ఈ చర్చి పెద్దల పాత ఖర్చుల లెక్కల్లో 1761 నాటి పద్దు ఒకటి ఉంది. జాక్‌డాలని కాల్చడానికి తుపాకీ మందుకీ, గుళ్ళకీ ఇచ్చిన డబ్బు అది. చెక్కలో దొరికిన గుళ్ళు కూడా ఆ 18వ శతాబ్దపు రకానివే. అంటే డౌసింగ్ వచ్చి వెళ్ళిన వందేళ్ళకి పైగా గడిచాక, ఈ చర్చిని చూసుకోవాల్సిన మనుషులే, చర్చి డబ్బుతోనే, లోపల తుపాకీ పేల్చారు. పక్షుల మీద. దేవదూతలు మధ్యలో ఉన్నాయంతే.

ఆయన ఇది చెప్పగానే నాకు మొదట సిగ్గేసింది. తర్వాత ఇంకో ఆలోచన వచ్చింది. సైనికుల కథ అందరికీ ఎందుకంత నచ్చింది? అందులో విలన్ ఉన్నాడు. బయటినుంచి వచ్చాడు, పగలగొట్టాడు, పోయాడు. జాక్‌డా కథలో విలన్ లేడు. అక్కడ ఉన్నది ఊరివాళ్ళే. పక్షులు గలీజు చేస్తున్నాయి, శుభ్రంగా ఉంచుదాం అనుకున్నారు, అంతే. మంచి ఉద్దేశమే.

తలుపు సంగతీ అలాంటిదే. ఉత్తరం వైపు తలుపు మీద నల్లగా కాలిన మచ్చలున్నాయి, వేళ్ళతో గీరినట్టు. 1577 ఆగస్టు 4, ఆదివారం, ఉదయం ప్రార్థన జరుగుతుండగా పెద్ద తుఫాను వచ్చింది. గోపురం మీది శిఖరం కూలింది. ఒక మనిషి, ఒక పిల్లవాడు చనిపోయారు. అదే రోజు బంగే అనే దగ్గర్లోని ఊరి చర్చిలో కూడా మనుషులు చనిపోయారు. ఒక నల్ల కుక్క రూపంలో దెయ్యం వచ్చిందని అప్పట్లోనే కరపత్రం అచ్చువేశారు. ఆ కుక్కని ఇప్పుడు బ్లాక్ షక్ అంటారు. తలుపు మీద మచ్చలు దాని గోళ్ళ గుర్తులని కథ.

కానీ ఇలాంటి మచ్చలు ఇంగ్లండ్‌లో చాలా పాత ఇళ్ళలో, చర్చిల్లో ఉన్నాయి. కొవ్వొత్తి మంటని కావాలనే చెక్కకి దగ్గరగా పట్టి పెట్టిన కాలుడు గుర్తులు అవి. అగ్ని ప్రమాదం, పిడుగు, చెడు దగ్గరికి రాకూడదని పెట్టేవారని వాటిని స్టడీ చేసినవాళ్ళు అంటున్నారు. మనం గుమ్మానికి పసుపు రాయమా, గుమ్మడికాయ కట్టమా, అలాగే. ఈ తలుపు మీదివి కూడా అవే అయితే, మనం దెయ్యం గోళ్ళనుకున్నది భయపడిన ఒక మామూలు మనిషి పెట్టుకున్న రక్ష అవుతుంది. నాకు కుక్క కన్నా ఆ మనిషే ఎక్కువ గుర్తుండిపోయాడు.

ఇక నాకు అన్నిటికన్నా నచ్చినవి బెంచీలు. 15వ శతాబ్దపు ఓక్ చెక్క. ప్రతి బెంచీ చివర నిలువు పలక, దాని కొసన చెక్కిన చిన్న బొమ్మ. మనకి అరిషడ్వర్గాలు ఆరు కదా, వాళ్ళ లెక్కలో ఘోర పాపాలు ఏడు. వాటినే మనుషుల్లాగా చెక్కారు. సోమరితనం అంటే మంచం మీద పడుకున్న మనిషి. తిండిపోతు పొట్ట పట్టుకుని ఉన్నాడు. పిసినారి డబ్బు పెట్టె మీదే కూర్చున్నాడు. చాడీలు చెప్పేవాడికి నాలుక బయటికి ఉంది. నన్ను ఆపేసినవాడు మాత్రం కపట భక్తుడు. చేతులు జోడించి ప్రార్థన చేస్తున్నాడు, కళ్ళు మాత్రం తెరుచుకుని ఉన్నాడు. ఎవరు చూస్తున్నారా అని! ఇంకో పక్క పంట కోసేవాళ్ళు, పొలం పనులు కూడా ఉన్నాయి. చదువు రాని రైతు కూడా ఈ బొమ్మల్ని చదవగలడు.

గోడ దగ్గర ఇంకో చెక్క మనిషి నిలబడి ఉంటాడు. గడ్డం, రంగు దుస్తులు. పేరు జాక్ ఆఫ్ ది క్లాక్. 1682 నాటివాడు. ఒకప్పుడు గడియారంతో కలిసి గంట కొట్టేవాడు. ఇప్పుడు తాడు లాగితే కొడతాడు, ప్రార్థన మొదలైందని. పెద్దాయన నాతో ఒకసారి లాగించారు. టంగ్ మని మోగింది. మూడు వందల ఏళ్ళు దాటినా డ్యూటీలోనే ఉన్నాడు.

ముందు వైపు పాటలు పాడేవాళ్ళు కూర్చునే బల్లలున్నాయి, వాటి ముందు భాగంలో యేసు శిష్యుల బొమ్మలు చెక్కి ఉన్నాయి. కానీ బల్లపై భాగంలో చిన్న గుంటలు కనబడ్డాయి. సిరాబుడ్లు పెట్టుకోవడానికి! 17వ శతాబ్దంలో ఇక్కడ పిల్లలకి బడి నడిచింది. బడి అంటే ఏముంటుంది చెప్పండి? బల్ల మీద పేర్లు చెక్కడం. "ఫోన్ టార్చ్ వేయండి" అన్నారు పెద్దాయన. వేశాను. నేరుగా వేస్తే ఏమీ కనబడలేదు. ఆయన నా చెయ్యి పట్టుకుని ఫోన్‌ని బల్ల అంచుకి దింపారు, వెలుగు పక్కనుంచి పారేలా. అంతే, ఒక్కసారిగా గీతలన్నీ లేచి నిలబడ్డాయి. అక్షరాలు, అంకెలు. 1665 అని స్పష్టంగా కనబడింది. ఇంగ్లండ్‌లో చర్చి గోడల మీద పాత గీతలు వెతికే వాలంటీర్లు వాడేది ఈ పద్ధతేనట. ఖరీదైన మెషీన్ ఏమీ కాదు. టార్చ్, ఓపిక.

ఇప్పుడు, ఇవన్నీ ఎలా మిగిలాయి? మొదట్లో గుర్తుపెట్టుకోమన్నాను కదా, ఊరికి డబ్బు లేదు. కొత్త బెంచీలు కొనలేదు, కొత్త పైకప్పు వేయలేదు, రంగులు మార్చలేదు. కానీ డబ్బు లేకపోతే మరమ్మతు కూడా ఉండదు. వాన పడితే లోపల గొడుగులు వేసుకుని కూర్చునేవారట. చివరికి 1881లో ప్రమాదకరంగా ఉందని బిషప్ చర్చి మూయించేశారు. అప్పుడు మొదలైంది అసలు గొడవ. ఆ కాలంలో ఇంగ్లండ్‌లో పాత చర్చిల్ని 'బాగుచేయడం' ఒక ఫ్యాషన్. పాత సున్నం గీకేయడం, పాత బెంచీలు తీసేసి కొత్తవి వేయడం, అరిగిన శిల్పాన్ని మళ్ళీ చెక్కడం. దానికి వ్యతిరేకంగా డిజైనర్, రచయిత విలియం మోరిస్ మిత్రులతో కలిసి 1877లో పాత కట్టడాల రక్షణ సంఘం పెట్టాడు. వాళ్ళు చెప్పింది ఏంటంటే, పాతదాన్ని కొత్తదానిలా చేయకండి, రోజూ కొంచెం కొంచెంగా చూసుకోండి, కారుతుంటే ఆపండి, పడిపోతుంటే ఆనుకోలు పెట్టండి, చాలు అని. బ్లైబ్రా విషయంలో కూడా వాళ్ళు కలగజేసుకున్నారు. వాదనలు సాగాయి, డబ్బు మెల్లగా వచ్చింది, పని మెల్లగా జరిగింది. 1884లో చర్చి మళ్ళీ తెరిచారు. ఆ మెల్లగా జరగడమే పైకప్పు మీది రంగుని కాపాడింది.

ఇక్కడితో ఎపిసోడ్ అయిపోవాలి. కానీ ఆ రోజు సాయంత్రం బస్టాప్‌లో కూర్చుని మా నాయనమ్మకి వీడియో కాల్ చేశాను. మాది కృష్ణా జిల్లాలో ఒక పల్లెటూరు. చర్చి చూపించాను, బెంచీ బొమ్మలు చూపించాను, పక్షుల మీద తుపాకీ పేల్చిన కథ చెప్పాను. ఆవిడ నవ్వింది. తర్వాత మామూలుగా అడిగినట్టే అడిగింది. "ఒరేయ్ నాన్నా, మన రామాలయం మండపంలో స్తంభం మీద ఏవో అక్షరాలుండేవి కదరా, వాటికి రంగేసింది మీరేగా?"

అవును. మేమే. నాకప్పుడు పదిహేడేళ్ళు. శ్రీరామనవమికి కుర్రాళ్ళందరం చందాలు వేసుకున్నాం. రాతి స్తంభాలు నల్లగా, పాతగా ఉన్నాయని వైర్ బ్రష్‌తో రుద్దేసి, రెండు కోట్లు ఎనామిల్ పెయింట్ వేశాం. పసుపు, ఎరుపు. ఊరంతా మెచ్చుకుంది. పంతులుగారు శాలువా కప్పారు. ఫోటో ఇప్పటికీ నా ఫోన్‌లో ఉంది. మంచి ఉద్దేశమే.

"ఏం రాసుందో తెలుసా నాయనమ్మా?" అన్నాను. "నాకేం తెలుసురా, నాకు చదువా పాడా? మీ తాతయ్యకి తెలుసేమో" అంది. తాతయ్య పోయి ఆరేళ్ళయింది.

అప్పుడు నాకు 1761లో తుపాకీ పట్టుకున్న ఆ మనిషి ఎవరో అర్థమైంది. అందుకే ఆ షార్ట్ తప్పని చెప్పడం నాకు ముఖ్యం. సైనికుల కథ నమ్మినంతకాలం, పాతవి పాడుచేసేది ఎవరో వేరేవాళ్ళు అనుకుంటాం. మన చేతిలోని బ్రష్ మనకి కనబడదు.

నేను సెలవులకి ఊరెళ్ళినప్పుడు మొదటి పని ఆ స్తంభం దగ్గరికి వెళ్ళడం. చీకటి పడ్డాక, టార్చ్ పక్కనుంచి వేసి. పెయింట్ మందంగా ఉంది, కానీ చెక్కిన అక్షరం లోతుగా ఉంటే పెయింట్ కింద కూడా నీడ పడొచ్చు. కనబడితే మీకు చూపిస్తాను. కనబడకపోతే అదీ చెప్తాను.

మీరు కూడా ఒకటి చేయండి. మీ ఊళ్ళో పాత గుడి, చర్చి, మసీదు, సత్రం, బావి గట్టు, ఏదైనా సరే. పెద్దవాళ్ళని అడగండి, "ఇక్కడ ఏవైనా రాతలుండేవా?" అని. రాత్రిపూట టార్చ్‌ని రాయికి ఆనించి, పక్కనుంచి వెలుగు వేసి ఫోటో తీయండి. నాలుగు వైపుల నుంచి నాలుగు ఫోటోలు. రాయి పక్కన స్కేలు గానీ పెన్ను గానీ పెడితే సైజు తెలుస్తుంది. గీకొద్దు, రుద్దొద్దు, యాసిడ్ వేయొద్దు, అక్షరాలు బాగా కనబడాలని సుద్దముక్క కూడా రుద్దొద్దు. అక్షరాలు దొరికితే ఆ ఫోటోలు రాష్ట్ర పురావస్తు శాఖకి పంపండి. భారత పురావస్తు శాఖకి మైసూరులో శాసనాల విభాగమే ఒకటి ఉంది, పాత లిపి చదివేవాళ్ళు అక్కడ ఉంటారు.

ఈసారి ఎవరైనా గుడికి కొత్త రంగులు వేద్దామంటే, చందా ఇచ్చే ముందు ఒక్కసారి స్తంభాల చుట్టూ తిరిగి చూడండి. ఆ ఒక్కసారి నేను చూడలేదు.

పాత షార్ట్ తీసేయడం లేదు. దాని కింద పిన్ చేసిన కామెంట్‌లో 'ఇది తప్పు' అని రాసి, ఈ ఎపిసోడ్ లింక్ పెట్టాను. మీ ఊరి రాళ్ళ ఫోటోలు పంపండి, మంచివి కలిపి ఒక ఎపిసోడ్ చేద్దాం. ఉంటాను మరి.